వాక్స్ అడిగిన బోర్డుకు వాక్స్ చివర్న: ఒక సెకండ్ హ్యాండ్ స్నోబోర్డు కేస్ స్టడీ

బోర్డు మరమ్మతు బెంచ్ మీదికి వచ్చినప్పుడు అడిగిన పని ఒక్కటే: "వాక్స్ పెట్టండి, జారట్లేదు." అంతవరకే చేసి పంపితే గంటలో తెమిలిపోయేది. పడితే ఎటు పడుతున్నారని అడిగేసరికి కేసు మారిపోయింది. వాక్స్ (బోర్డు అడుగున పట్టించే మైనం) లేని బోర్డు మనిషిని నెమ్మదిగా నడిపిస్తుంది, దారిలో ఆపేస్తుంది, అంతే. ఈ రైడర్ పడుతున్నాడు, అదీ రెండు వేర్వేరు రకాలుగా.

ముందు మనిషి సంగతి. సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండో చలికాలం, అంతా కలిపి ఆరు రోజులు మంచు మీద నిలబడ్డాడు. ఎత్తు 172 సెం.మీ., బరువు 76 కిలోలు. ఎడమ కాలు ముందు పెట్టే రకం, అంటే రెగ్యులర్. వెళ్లేది స్నోక్వాల్మీ పాస్‌కు. ఐ-90 మీద సియాటిల్ నుంచి దాదాపు గంట ప్రయాణం. కనుమ ఎత్తు 3,022 అడుగులే కావడంతో అక్కడి మంచు తరచూ సున్నా డిగ్రీల అటూ ఇటూ ఊగిసలాడుతుంది. పసిఫిక్ తేమ పట్టి బరువుగా, తడిగా పడుతుంది, జనవరిలో కూడా వాన కురుస్తుంది. అక్కడివాళ్లు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. ఆ మంచు గుణం ఈ కేసులో అడుగడుగునా అడ్డుపడుతుంది కాబట్టి ముందే చెప్పడం.

బోర్డు 158 సెం.మీ. పొడవు, నడుము దగ్గర 25 సెం.మీ. వెడల్పు, క్యాంబర్ రకం, అంటే నేల మీద పెడితే మధ్యభాగం విల్లులా పైకి లేచి ఉండేది. చేతులు మారి వచ్చింది. ఈ ఎత్తుకు, ఈ బరువుకు సైజు సరిపోయినట్టే. కొత్తవారికి క్యాంబర్ కంటే ఫ్లాట్ (చదును) లేదా రాకర్ (కొసలు పైకి వంగిన రకం) కలిసిన బోర్డు తప్పులను ఎక్కువ క్షమిస్తుంది, నిజమే. కానీ ఉన్న బోర్డును పారేయాల్సిన అవసరం కనపడలేదు.

ఫిర్యాదులు నాలుగు తేలాయి. టోసైడ్ మలుపులో, అంటే వేళ్ల వైపు అంచు మీద తిరిగేటప్పుడు, వెనక కాలు ఒక్కసారిగా జారిపోయి మోకాళ్ల మీద పడటం. దాదాపు చదునుగా ఉన్న దారిలో, ఏ మలుపూ తిప్పకుండానే, ఎవరో లాగినట్టు వెల్లకిలా పడటం. కుడి పాదం గంటకే తిమ్మిరెక్కడం. నాలుగోది, మనవాడి లెక్కలో మాత్రం మొదటిది, జారకపోవడం.

బూటు దగ్గర మొదలు

బోర్డును ముట్టుకోకముందు పాదం కొలిచాం. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబెట్టి, పొడవాటి వేలి దగ్గర గీత గీస్తే 272 మి.మీ. వచ్చింది. స్నోబోర్డు బూట్లకు మోండో సైజు ఉంటుంది. అది పాదం పొడవే, సెంటీమీటర్లలో. కాబట్టి ఇతనికి 27.5 కావాలి, యూఎస్ కొలతలో 9.5. కాలికి ఉన్నది 28.5, అంటే యూఎస్ 10.5. లోపల రెండు జతల ఊలు మేజోళ్లు. వెచ్చగా ఉంటాయని ఒక సైజు పెద్దవి తీసుకోవడం మనవాళ్లలో చాలామంది చేసే పనే. ఆఫీసు బూట్లకు అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

వదులు బూటులో మడమ లేస్తుంది. మడమ లేస్తే ఎడ్జ్ (బోర్డు పక్కనుండే ఉక్కు అంచు) తిరగడానికి అరక్షణం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి రైడర్ బైండింగ్ (బూటును బోర్డుకు పట్టి ఉంచే బిగింపు) పట్టీని పళ్లు బిగపట్టి బిగిస్తాడు. పట్టీ పాదం పైన నరాల మీద, రక్తనాళాల మీద కూర్చుంటుంది. తిమ్మిరి రహస్యం అదే. మేజోళ్లు రెండు జతలైతే చెమట పట్టి ఇంకా చల్లబడతాయి. ఒక్క జత చాలు, పలచనిది, నూలుది కాకుండా.

సరైన బూటుకు గుర్తు: నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాళ్లు వంచితే వేళ్లు కొద్దిగా వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు. దుకాణంలో అది ఇరుకుగానే అనిపిస్తుంది. నాలుగైదు రోజులు వాడాక లోపలి లైనర్ పాదానికి తగ్గట్టు అణుగుతుంది. 27.5 బూటు తెప్పించాం. ఈ కేసులో కొత్తగా కొన్న వస్తువుల్లో పెద్దది అదొక్కటే.

బైండింగులు: 4 సెంటీమీటర్ల కథ

పాత బూటు అడుగు పొడవు 31.5 సెం.మీ. వెనక బైండింగ్ కింద బోర్డు వెడల్పు 25.8. బైండింగ్ కోణం సున్నా డిగ్రీల దగ్గర ఉంది, అంటే బూటు బోర్డుకు సరిగ్గా అడ్డంగా. మొత్తం 5.7 సెం.మీ. బయటికి వేలాడుతోంది. సమానంగా పంచుకుంటే అటు 2.85, ఇటు 2.85 ఉండాలి. కొలిస్తే వేళ్ల వైపు 3.9, మడమ వైపు 1.8. దానికి తోడు బేస్‌ప్లేట్ (బైండింగ్ అడుగు పలక) ముందు, బూటు వేళ్ల కింద ఉండే టో ర్యాంపును ఎవరో పూర్తిగా బయటికి లాగి వదిలేశారు.

గట్టి మంచు మీద కొత్తవారు బోర్డును అంతగా వంచరు కాబట్టి 3.9 సెం.మీ. ఉన్నా బూటు ముక్కు నేలకు తగలకపోవచ్చు. మెత్తటి తడి మంచులో లెక్క వేరు. ఎడ్జ్ రెండు మూడు సెంటీమీటర్లు దిగబడిపోతుంది, కొద్దిపాటి వంపుకే బూటు ముక్కు మంచును దున్నడం మొదలెడుతుంది. ముక్కు ఆనగానే బరువు ఎడ్జ్ మీద నుంచి బూటు మీదికి మారుతుంది, ఎడ్జ్ పట్టు వదిలేస్తుంది. వెనక కాలు జారిపోవడానికి కారణం ఇదే. స్నోక్వాల్మీలో పడి, పొడి మంచున్న చోట పడకపోతే రైడర్ తన నైపుణ్యాన్నే అనుమానించుకుంటాడు.

ఎందుకు ఒక పక్కకు జరిగింది? బైండింగ్ మధ్యలో గుండ్రటి డిస్క్ ఉంటుంది, దానికి పొడవాటి రంధ్రాలు. ఆ రంధ్రాలు బోర్డు పొడవునా ఉంటే బైండింగును ముక్కు వైపో తోక వైపో జరపొచ్చు. డిస్కును 90 డిగ్రీలు తిప్పి పెడితే అవే రంధ్రాలు అడ్డంగా వచ్చి, వేళ్ల వైపుకో మడమ వైపుకో జరపనిస్తాయి. రెండూ ఒకేసారి కుదరవు. ఇక్కడ డిస్కులు పొడవునా కూర్చున్నాయి, అంటే అడ్డంగా సర్దే అవకాశమే లేదు. తిప్పి పెట్టాం.

కొత్త బూటు అడుగు 30.4 సెం.మీ. వెనక కోణం మైనస్ 9 డిగ్రీలు పెడితే బోర్డుకు అడ్డంగా దాని నిడివి సుమారు 30 సెం.మీ. అవుతుంది. బయటికి మిగిలేది 4.2, పంచితే చెరో పక్క 2.1. ముందు కాలికి ప్లస్ 15 పెడితే 29.4. అక్కడ బోర్డు వెడల్పు 26, కాబట్టి చెరో పక్క 1.7. రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటే దిగులు లేదు. టో ర్యాంపును బూటు అడుగున వంపు మొదలయ్యే చోటి దాకా లోపలికి తోశాం.

ఇక స్క్రూలు. ఎనిమిదిలో ఒకటి లేదు, ఏడింట్లో ఒకటి మిగతావాటి కంటే 4 మి.మీ. పొడవు. ఈ డిస్కులకు ఉండాల్సింది ఎం6 మర, 16 మి.మీ. పొడవు. 20 మి.మీ. స్క్రూ ఇన్సర్ట్ (బోర్డులో స్క్రూ దిగే లోహపు మర గుంట) అడుగుకు తగిలి, అక్కడా ఆగక బేస్‌ను, అంటే మంచును తాకే అడుగు పొరను, లోపలి నుంచి బయటికి నెడుతుంది. బోర్డు తిరగేసి వేలు పెట్టి తడిమితే వెనక కాలి కింద కందిపప్పు బద్దంత బొడిపె. మరో రెండు చోట్ల దీనికి విరుద్ధం: స్క్రూలు అతిగా బిగించడంతో బేస్ లోపలికి లాక్కుపోయి సొట్టలు పడ్డాయి. పవర్ డ్రిల్లుతో బిగించిన బోర్డులు చాలావరకు ఇలాగే ఉంటాయి. చేత్తోనే బిగించాలి, అదీ పోజీడ్రైవ్ 3వ నంబరు బిట్‌తో. ఇంట్లో ఉండే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ జారి తలను గుండ్రంగా తినేస్తుంది.

నాలుగు స్క్రూలనూ ముందు వేళ్లతోనే తిప్పి లోపలికి దించాలి. కనీసం ఐదు చుట్లు వేళ్లతో దిగకపోతే మర తప్పుగా పట్టిందనే అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలెట్టాలి. తర్వాత మంచం నులక బిగించినట్టు ఎదురెదురు మూలలను విడతలుగా బిగించుకుంటూ పోవాలి. మొదటి రెండు రన్నులు దిగాక మరోసారి చూడాలి, ఎందుకంటే కొత్తగా కూర్చున్న డిస్క్ కొంత అణుగుతుంది. వదులవుతున్నాయని హార్డ్‌వేర్ షాపులో దొరికే థ్రెడ్‌లాకర్ ద్రవం పోసేవాళ్లున్నారు. అది పాలికార్బనేట్ లాంటి ప్లాస్టిక్ మీద కారితే పగుళ్లు తెస్తుంది. బైండింగ్ బేస్‌ప్లేట్ ఏ ప్లాస్టికో తెలియనప్పుడు ఆ సీసా మూత తీయొద్దు. స్క్రూ మర మీదే పూతతో వచ్చేవి అమ్ముతారు, అవి కొనండి.

నిలబడే దూరం

వెనక బైండింగ్ రిఫరెన్స్ స్థానం నుంచి 4 సెం.మీ. తోక వైపు జరిగి ఉంది. బోర్డు మీద తయారీదారు గుర్తు పెట్టిన రిఫరెన్స్ స్టాన్స్ (రెండు బైండింగుల మధ్య దూరం) 56 సెం.మీ., 2 సెం.మీ. సెట్‌బ్యాక్‌తో, అంటే రైడర్ మధ్య బిందువు బోర్డు మధ్య నుంచి తోక వైపు అంత వెనక్కి. ఉన్నది 60, సెట్‌బ్యాక్ 4. రైడర్ మధ్య బిందువు తోక వైపుకు వెళ్లిపోయింది కాబట్టి ముక్కు మాట వినదు, మలుపు మొదలుపెట్టడానికి బలవంతంగా వెనక కాలిని తన్నాల్సొస్తుంది. లోతైన తాజా మంచులో ముక్కు తేలడానికి ఇలా పెట్టుకుంటారు. గ్రూమ్ చేసిన నున్నటి వాలు మీద నేర్చుకునేవారికి ఇది శిక్ష.

ముందు కాలిని రిఫరెన్స్ దగ్గరే ఉంచి, వెనక దాన్ని రిఫరెన్స్ కంటే ఒక రంధ్రం, అంటే 2 సెం.మీ., ముందుకు తెచ్చాం. స్టాన్స్ 54, సెట్‌బ్యాక్ 1. నేల నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు కొలిస్తే ఇతనికి 49 సెం.మీ. ఆ కొలత నుంచి నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ పెట్టి మొదలుపెడితే చాలామందికి కుదురుతుంది. అసలు పరీక్ష మాత్రం తివాచీ మీద: బోర్డు కట్టుకుని గుంజీ తీసినట్టు కూర్చుంటే మోకాళ్లు పాదాల దిశలోనే వంగాలి, లోపలికి వాలకూడదు.

హైబ్యాక్ (పిక్క వెనక నిలబడే పలక) వెనక ఉండే ఫార్వర్డ్ లీన్, అంటే ఆ పలకను ముందుకు వంచే సర్దుబాటు, మూడో గాటులో ఉంది. సున్నాకు తెచ్చాం. లీన్ ఎక్కువైతే మోకాళ్లు బలవంతంగా వంగి తొడలు మండుతాయి, అనుకోకుండా హీల్ ఎడ్జ్ కొరుకుతుంది.

వెల్లకిలా ఎందుకు పడుతున్నాడు

ఈ కేసులో అసలు పట్టు ఇక్కడుంది.

బైండింగులు పూర్తిగా విప్పి, బోర్డును తిరగేసి, ఉక్కు ట్రూ బార్‌ను (చదును చూసే సూటి కడ్డీ) బేస్ మీద అడ్డంగా నిలబెట్టి, అవతల టార్చిలైటు పెట్టాం. చదునైన బేస్ అయితే బార్ కింద నుంచి వెలుతురు సన్నగా, అంతటా ఒకేలా కనపడుతుంది. ఇక్కడ రెండు ఎడ్జుల దగ్గర చీకటి, మధ్యలో వెలుతురు చార. ప్రింటర్ కాగితాలు రెండు కలిపి ఆ సందులో దూర్చితే దూరాయి, అంటే దాదాపు 0.2 మి.మీ. బేస్ పల్లం పడి ఎడ్జులు పైకి తేలాయి. బోర్డు చదునుగా జారుతున్నా రెండు పట్టాల మీద నడిచే రైలులా ఎడ్జుల మీదే నడుస్తోంది. పాదం ఒక్క డిగ్రీ వాలు దిగువకు ఒరిగినా దిగువ ఎడ్జ్ మంచులో గుచ్చుకుంటుంది, బోర్డు అక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. రైడర్ అప్పటిదాకా ఇది తన బ్యాలెన్స్ లోపమనుకున్నాడు.

ఆకురాయితో రుద్దితే పోదా? పోదు, లెక్క చూడండి. బేస్ వైపు ఎడ్జ్ ఉక్కు వెడల్పు సుమారు 2 మి.మీ. ఒక డిగ్రీ బెవెల్ (వాలు కోత) పెడితే దాని బయటి అంచు దిగేది 0.035 మి.మీ. పల్లం 0.2. ఎంత రుద్దినా ఎడ్జ్ ఇంకా పైనే ఉంటుంది, ఈలోపు ఉక్కు అయిపోతుంది. ఇలాంటి బేస్‌కు స్టోన్ గ్రైండ్ (తిరిగే రాతితో బేస్ అంతా చదును చేయడం) తప్ప దారి లేదు, అది యంత్రమున్న చోట చేయించాల్సిన పని. గ్రైండ్‌కు ముందు బైండింగ్ స్క్రూలన్నీ తీసేయాలి. లేకపోతే సొట్టలతో సహా చదును చేసినట్టవుతుంది, తర్వాత స్క్రూ తీయగానే అవి బొడిపెలై లేస్తాయి. గ్రైండ్ వేసేటప్పుడు బేస్ మీద గీసే సన్నటి గాళ్లను స్ట్రక్చర్ అంటారు. తడి మంచుకు అవి కాస్త ముతకగా ఉండాలి. బేస్‌కూ మంచుకూ మధ్య నీటి పొర పేరుకుంటే తడి గాజుపలకలు రెండు అతుక్కున్నట్టు లాగుతుంది. గాళ్లు ఆ నీటిని పారనిస్తాయి. జారకపోవడంలో సగం ఇదే, వాక్స్ కాదు.

గ్రైండ్ తర్వాత ఎడ్జ్ బేస్‌తో సమంగా, సున్నా డిగ్రీలతో వస్తుంది. అలాగే వదిలితే మళ్లీ గుచ్చుకుంటుంది. 1 డిగ్రీ బేస్ బెవెల్ గైడ్‌లో ఆకురాయి పెట్టి ముక్కు నుంచి తోకకు ఒకే దిశలో, బరువు వేయకుండా లాగాలి. మొదలుపెట్టే ముందు ఎడ్జ్ ఉక్కు మీద నల్ల మార్కర్‌తో రంగు పూయండి. ఆకురాయి ఎక్కడ కోస్తోందో సిరా చెబుతుంది. మొదటి లాగుడుకు బయటి అంచు మాత్రమే తెల్లబడింది, మూడోదానికి సగం, ఆరోదానికి బేస్‌ను ఆనుకున్న చోటి దాకా సిరా పోయింది. పోగానే ఆపేయాలి. బేస్ బెవెల్ ఒక్కసారి ఎక్కువైతే మళ్లీ గ్రైండ్ చేయించే దాకా వెనక్కి రాదు.

తర్వాతే పక్క ఎడ్జ్, 89 డిగ్రీల గైడ్‌తో. ఆకురాయి ఒక్కో పక్క నాలుగైదు లాగుళ్లు, ఆపైన తడిపిన డైమండ్ రాయి, ముందు 200 గ్రిట్, తర్వాత 400. ఉక్కు మీద రాళ్లు తగిలి గట్టిపడిన చోట్లుంటాయి. అక్కడ ఆకురాయి కోయకుండా కీచుమంటూ జారుతుంది, ఆకురాయి పళ్లే పోతాయి. అలాంటి చోట ముందు డైమండ్ రాయితో ఆ మొండిచోటు తీసేసి అప్పుడు ఆకురాయి పట్టాలి. పదును తెలియడానికి ఎడ్జ్ మీద గోరును అడ్డంగా గీకితే సన్నటి తెల్ల పొడి రాలాలి.

చివరగా గమ్మీ రాయితో (రబ్బరు లాంటి మెత్తటి సానరాయి) అంచున మిగిలిన గరుకు తుడిచి, ముక్కు దగ్గరా తోక దగ్గరా బోర్డు నేలను తాకే బిందువు నుంచి బయటికి పూర్తిగా, లోపలికి 3 సెం.మీ. మేర తేలికగా మొద్దు చేశాం. కొత్తవారికి ఈ మొద్దు చేయడం చాలా మేలు. అంతమాత్రాన ఎడ్జ్ అంతా మొద్దు చేసేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. రాత్రి వాన పడి తెల్లారేసరికి గట్టిపడిన వాలు మీద ఆ బోర్డుకు బ్రేకులుండవు.

ముక్కు దగ్గర ఒక రాతి గీత ఉంది, కొస గోరు పట్టేంత లోతు. పీ-టెక్స్ కొవ్వొత్తిని (బేస్ లాంటి ప్లాస్టిక్‌తోనే చేసిన కడ్డీ) వెలిగించి, మసి రాలనంత చిన్న నీలి మంటతో చుక్కలు చుక్కలుగా నింపి, చల్లారాక చెక్కితే సరిపోయింది. గీతలోంచి చెక్క కనపడితే మాత్రం కొవ్వొత్తితో ఆడుకోవద్దు, కోర్‌లోకి నీళ్లు దిగుతాయి.

ఇప్పుడు వాక్స్

గ్రైండ్ అయిన బేస్ ఆకలితో ఉంటుంది. సున్నా డిగ్రీల చుట్టుపక్కల మంచుకు పనికొచ్చే మెత్తటి హైడ్రోకార్బన్ వాక్స్ మూడు విడతలు పట్టించాం. మొదటి విడతకు 12 గ్రాములు, తర్వాతివాటికి సగం చొప్పున. ఫ్లోరిన్ కలిసిన వాక్సుల జోలికి పోనక్కర్లేదు. పోటీల్లోనే వాటిని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పూర్తిగా నిషేధించింది.

ఇస్త్రీ వేడి వాక్స్ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మెత్తటి వాక్సులకు 120 డిగ్రీల దరిదాపుల్లో. పొగ వస్తే ఎక్కువైందని. ఇస్త్రీ కదులుతూనే ఉండాలి. దాని వెనక తడి మెరుపు బెత్తెడు నుంచి జానెడు లోపు పొడవుండి ఆరిపోతూ రావాలి. బోర్డు పై భాగం మీద అరచేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. బట్టల ఇస్త్రీ పెట్టె వాడేవాళ్లు ఆవిరి రంధ్రాల్లేనిది చూసుకోండి, మళ్లీ దాన్ని చొక్కాల మీద పెట్టకండి. అరగంట చల్లారనిచ్చి, ముందు ఎడ్జుల మీది వాక్స్, తర్వాత బేస్ మీదిది ప్లాస్టిక్ గీకుడుపలకతో ముక్కు నుంచి తోకకు గీకేయాలి. ఏమీ రాలని దాకా. పైన మిగిలిన వాక్స్ జారనివ్వదు, బేస్‌లోకి ఇంకిందే పనిచేస్తుంది. ఆపైన నైలాన్ బ్రష్ పదిహేను సార్లు. అప్పుడే గాళ్లు తేరుకుంటాయి.

తర్వాత

బోర్డు తిరిగి వెళ్లాక రెండు వారాంతాలు వాడారు. వెనక కాలు జారిపోవడం ఆగింది. తిమ్మిరి పోయింది. వెల్లకిలా పడటం బాగా తగ్గింది గానీ పోలేదు: అలసినప్పుడు బరువు వెనక కాలి మీద వేసే అలవాటు అలాగే ఉంది. దానికి బెంచ్ మీద మందు లేదు, పాఠం చెప్పేవాళ్లను చూసుకోవాలి.

ఒక కొత్త లోపం మాత్రం వచ్చింది. మొదటి వారాంతం నుంచే ఎడ్జుల మీద తుప్పు చుక్కలు. రోడ్డు మీద చల్లే ఉప్పు, కారు పైకప్పు మీద కవరు లేకుండా కట్టిన బోర్డు, రాత్రంతా తడి సంచిలో. దిగిన వెంటనే పాత తువ్వాలుతో ఎడ్జులు తుడిచి, ఇంటికెళ్లాక సంచి లోంచి తీసి ఆరబెడితే చాలు. ఉన్న చుక్కలు గమ్మీ రాయితో పోయాయి. వేసవికి దాచేటప్పుడు బేస్ మీద, ఎడ్జుల మీద వాక్స్ మందంగా పోసి గీకకుండా వదలాలి, బైండింగ్ స్క్రూలు వదులు చేయాలి, వేడెక్కే అటకల మీద పెట్టకూడదు.

హైదరాబాద్ నుంచి గుల్‌మర్గ్ వెళ్లి బోర్డు అద్దెకు తీసుకునేవారికీ ఈ వరసే పనికొస్తుంది, గ్రైండ్, వాక్స్ మినహా. బూటు సైజు మొండికేసి మార్పించుకోండి, నాలుగేసి స్క్రూలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, బూటు అటూ ఇటూ సమానంగా వేలాడుతోందో చూడండి, ఏ కాలు ముందో చెప్పి కోణాలు మార్పించుకోండి. ఐదు నిమిషాల పని. అక్కడి మంచు చలికాలంలో పొడిగా, చల్లగా ఉంటుంది. సొంత బోర్డు తీసుకెళ్లేవారు స్నోక్వాల్మీ వాక్స్‌తో వెళ్తే అక్కడ నత్తనడకే, గట్టి చల్లని రకం వేసుకోవాలి.

వెనక కాలి కింద బొడిపె స్క్రూ మార్చాక చాలామటుకు అణిగింది, మిగిలినది గ్రైండ్‌లో పోయింది. అంటే ఆ చోట బేస్ మిగతా చోట్ల కంటే పలచబడింది. అందుకే వెనక డిస్క్ కింద టాప్‌షీట్ (బోర్డు పై పొర) మీద చిన్న స్టిక్కరు అంటించి రాశాం: స్టాన్స్ 54, ప్లస్ 15, మైనస్ 9, ఎడ్జ్ 1 బై 89, స్క్రూ ఎం6 16 మి.మీ. మాత్రమే, ఇంకోసారి గ్రైండ్ చేసే ముందు ఇక్కడ మందం చూడాలి.